సన్న గీతలా, లావు గీతలా?

తాండూరు దగ్గర మా అక్కవాళ్ల కంది చేను కాయ పట్టిందో లేదో, అడవిపందులు పడ్డాయి. నోటికాడి కూడు! చుట్టూ పాత చీరలు కట్టారు. మనిషి వాసనకు బెదురుతాయని మంగలి దుకాణం నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లారు. పందులు ఆ చీరలనే చింపుకుని లోపలికి దూరాయి. వికారాబాద్‌లో ఉండే నాకు అక్క ఫోన్ చేసి ఏడ్చింది.

"తమ్మీ, మీ బావ చేను సుట్టు కరెంటు తీగ పెడ్తనంటుండు. ఎంత చెప్పినా ఇంటలేడు. పొద్దుగాల గొర్లోల్లు గా గట్టు మీదికెల్లే నడుస్తరు. ఎవలన్న సస్తే ఎట్లరా? జర నువ్వన్న రా."

పంటల మీద పడే పందులను కాల్చడానికి అనుమతి ఉన్న కొద్దిమందిలో నేనొకణ్ణి. బావకు ఫోన్ చేసి బతిమాలాను.

"రేపు పొద్దుగూకే దాంక సూస్త. నువ్వు కొట్టకుంటే ఎల్లుండి తీగనే," అన్నాడు. ఒట్టి మొండిఘటం.

చేను పక్కన నాపరాళ్ల గని ఉంది. అక్కడ పారబోసిన చెత్త రాళ్ల గుట్టెక్కి చేనులోకి కిందికి కాల్చాలి. దాదాపు మూడు వందల మీటర్లు. అంతకంటే దగ్గరికి పోతే పందులు వాసన పట్టేస్తాయి. నా దగ్గర రైఫిల్ స్కోపులు రెండున్నాయి. తేడా అంతా వాటిలో కనబడే గురి గీతల్లోనే, రెటికిల్ అంటారు వాటిని. ఒకదానిలో వెంట్రుకంత సన్న గీతలు. దూరం పెరిగేకొద్దీ తూటా ఎంత కిందికి దిగుతుందో చూసుకోవడానికి చిన్న చిన్న గుర్తులు. రెండోదానిలో లావు గీతలు, అంతే. అవి మసకలోనూ కనబడతాయి గానీ, అంత దూరాన పంది తలను అవే కప్పేస్తాయి.

ఏది పెట్టాలి? నాకు పిచ్చెక్కినట్టయింది. సాయంత్రం స్కోపులు మాత్రం చేతబట్టుకుని మేడెక్కి, దూరంగా ఓ ఇంటి మీదున్న నల్ల నీళ్ల ట్యాంకును చూశాను. సన్న గీతలు ఆ నలుపులో కలిసిపోయాయి. థూ, కనబడని గీతకు ఎన్ని గుర్తులుంటే ఏం లాభం! లావు గీతలదే బిగించి, గురి సరిచూసుకుని, మర్నాడు తాండూరు పోయాను.

ఎవ్వరూ చేనులో కాలు పెట్టొద్దని బావకు ఒకటికి రెండుసార్లు చెప్పాను. తల ఊపాడు.

పొద్దు వాలింది. గుట్ట మీద బోర్లా పడుకుని చూస్తున్నాను. వెలుగు తగ్గిపోతోంది, ఒక్క పందీ లేదు. ఇవాళ తప్పితే ఇక తీగే. దేవుడా, ఒక్కటైనా రానీ అని మొక్కుకున్నాను. అంతలో కంది మొక్కలు కదిలాయి. నల్లటి వీపు, మెల్లగా చేనుకు అడ్డంగా పోతోంది. లావు గీతలు చక్కగా కనబడ్డాయి. వీపు ముందు భాగాన నిలిపాను. వేలు ట్రిగ్గర్ మీదికి పోయింది. తల మాత్రం గీత చాటున ఉంది. వెంట పిల్లలున్నాయేమో చూద్దామని రైఫిల్‌ను కాస్త పక్కకు జరిపాను.

గీత తొలగిన చోట ఒక చెయ్యి. నల్ల గొంగడిని మెడ దగ్గర బిగించి పట్టుకున్న మనిషి చెయ్యి.

తూటాలు తీసేసి, రాళ్ల మీద జారుతూ, అరుస్తూ పరుగెత్తాను. బావే, వంగి నడుస్తున్నాడు! గొంగడి కప్పుకుంటే గొర్రె వాసనే తప్ప మనిషి వాసన రాదని మా వైపు కావలివాళ్ల నమ్మకం.

"పందులు గా పొదలల్లనే ఉన్నయి బామ్మర్ది. ఎన్కకెల్లి పోయి నీ దిక్కు అదిలిద్దమని..."

"నీకేమన్న పిచ్చా బావా! సంపుతుంటి గదా నిన్ను!"

గొంగడి పట్టుకుని అతన్ని కుదిపేశాను. తర్వాత అక్కడే కూలబడి ఏడ్చాను. కేకలు విని అక్క ఉరికొచ్చింది. సంగతి తెలిసి బావ వీపు మీద దబదబా గుద్దింది, ఆ వీపునే పట్టుకుని ఏడ్చింది.

చీకటి పడింది. ఇక కాల్చే వీలు లేదు. అవతలి కొసన పందులు చేనులో దిగాయి. తీగ మాట ఎత్తడానికి నాకు భయమేసింది. అక్కే అడిగింది.

"రేపు పెడ్తవా తీగ?"

"నీ తమ్మునికి రెండు కండ్లున్నయి, వాటి మీద అద్దం గూడ ఉన్నది. అయినా నేను పందోలె కనవడితి," అన్నాడు బావ. "తీగకేం కండ్లున్నయే? పెట్టనే పెట్ట."

గట్టు మీద ముగ్గురం కూర్చున్నాం. పందులు కాయలు నములుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.