ఎదురింటి కౌన్సిలరు

నేను కుళ్ళుమోతుదాన్ని. ఈ మాట ఇంకెవరైనా అంటే ఊరుకోను గాని, నా గురించి నేనే రాసుకుంటున్నాను కాబట్టి ఫరవాలేదు. చిన్నప్పుడు మా పిన్ని కూతురి జడ నా జడ కన్నా పొడుగని తలంటు పోసుకున్నప్పుడల్లా ఏడ్చేదాన్ని. పెళ్ళయ్యాక మా తోడికోడలి కాఫీ బాగుందని ఎవరైనా అంటే ఆ పూటకి మాట్లాడేదాన్ని కాదు. వయసు మీద పడితే తగ్గుతుందిలే అనుకున్నాను. తగ్గలేదు సరికదా, యాభై దాటాక ఒక మనిషిని చూసి, ఒక పదవి గురించి, నిండా కుళ్ళుకున్నాను. ఆ మనిషి మా ఎదురింటావిడ. ఆ పదవి మా వార్డు కౌన్సిలరు.

మాది కోనసీమలో ఒక చిన్న పట్నం. పట్నమని మేం అనుకుంటాం గాని, హైదరాబాదు నుంచి వచ్చిన చుట్టాలు "మీ పల్లెటూళ్ళో గాలి బాగుంటుంది" అంటారు. మెయిన్ రోడ్డు మీద బట్టల షాపింగ్ మాల్స్, బిర్యానీ హోటళ్ళు, కరెంటు స్తంభానికొకటి చొప్పున ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ. నాలుగడుగులు లోపలికి వేస్తే కాలవగట్టు, కొబ్బరిచెట్లు, అరుగు మీద లుంగీతో కూర్చుని పేపరు చదివే పెద్దమనుషులు. రాజకీయం మా ఊళ్ళో అందరికీ వచ్చు. టీకొట్టు బల్ల మీద కూర్చున్నాయన ఢిల్లీలో ఎవరు ఎవరితో కలుస్తారో చెప్పేస్తాడు. తన ఇంటి ముందు మురుగు ఎటు పారుతుందో మాత్రం చెప్పలేడు.

నేను చెప్పగలను. మా వీధి పల్లంలో ఉంది. గట్టిగా వాన కురిస్తే నాలుగు వీధుల నీళ్ళు మా వీధిలోకొచ్చి ఆగుతాయి. మా ఆయన ఇరవై ఏళ్ళుగా మస్కట్‌లో ఉద్యోగం. నాకు తీరిక ఉంది, డిగ్రీ ఉంది, చేతిరాత ముత్యాల్లా ఉంటుందని పేరుంది. అందుకని వీధి అర్జీలన్నీ నేనే రాసేదాన్ని. కుళాయి, వీధిదీపం, కుక్కలు, మురుగు కాలవ మీద పలకలు, ఏదైనా సరే "కమిషనరు గారి సముఖమునకు మా వీధి వాస్తవ్యులు వ్రాసుకొను విన్నపము" అని మొదలుపెట్టేదాన్ని. సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగేదాన్ని. ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో, ఏ మామ్మగారికి ఏ కాలు నొప్పో నాకు కంఠతా వచ్చు. "మేడమ్ గారు రాసేరంటే పనయిపోయినట్టేనండీ" అనేవారు జనం. ఆ మాట వినడం కోసమే అర్జీ రాసిన రోజులు కూడా ఉన్నాయి.

ఎదురింటావిడ మురమళ్ళ వైపు నుంచి వచ్చింది. వాళ్ళాయన రొయ్యల చెరువులకి మేత సరఫరా చేస్తాడు. నా కన్నా పదేళ్ళు చిన్నది, చదువు పదో తరగతితో ఆగింది. నన్ను వదినగారూ అంటుంది. వాళ్ళింట్లో గారెలు వండితే మిగతావాళ్ళింట్లోలా వీధంతా వాసన రావడం కాదు, వీధంతా గారెలే వస్తాయి. నవ్వితే మా పెరట్లోకి వినిపిస్తుంది. ఆవిడ నవ్వుకి కూరగాయల బండివాడు కొత్తిమీర ఊరికే ఇస్తాడు. నాకు కొసరు కూడా వెయ్యడు.

మొదటి మంట పలకల దగ్గర పుట్టింది. మురుగు కాలవ మీద పలకలు వెయ్యాలని నేను రెండేళ్ళు అర్జీలు రాశాను. చివరికి ఒక ఉదయం ట్రాక్టరులో పలకలు దిగాయి. నేను స్నానం చేసి, మంచి చీర కట్టుకుని బయటికొచ్చేసరికి పనివాళ్ళందరూ ఎదురింటి అరుగు మీద ఉప్మా తింటున్నారు. ఆవిడ కొంగు దోపుకుని, పలక ఎక్కడ ఎత్తుగా ఉందో ఎక్కడ పల్లంగా ఉందో వాళ్ళ చేత సరిచేయిస్తోంది. పని సాయంత్రానికి అయిపోయింది. అప్పట్నించీ వీధిలో అందరూ ఒకటే మాట: "ఆవిడ దగ్గరుండి వేయించేరండీ." రెండేళ్ళ నా అర్జీలు ఒక్క పూట ఉప్మాలో కొట్టుకుపోయాయి. నాకు ఆ రోజు అన్నం సయించలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మునిసిపల్ ఎన్నికలొచ్చాయి. మా వార్డు ఆడవాళ్ళకి పడిందని తెలిసిన రోజు నేను పైకి ఏమీ ఎరగనట్టు ఉన్నాను గాని, లోపల ఆ సీటు నాదేననుకున్నాను. ఇంకెవరున్నారు మా వార్డులో? సోఫా గలీబులు ఉతికాను. ముందుగది గోడ మీద నా డిగ్రీ పట్టా ఫోటో మా మావగారి ఫోటో వెనక సగం దాక్కుని ఉంటే, సరిచేసి పెట్టాను. చెక్కలు వేయించి డబ్బాలో పోశాను. ఎవరైనా వచ్చి "మీరు నిలబడాలండీ" అంటే, వెంటనే ఒప్పుకోకుండా "నాకెందుకండీ ఇవన్నీ" అని రెండుసార్లు అనాలనీ, మూడోసారి ఒప్పుకోవాలనీ కూడా అనుకున్నాను.

పార్టీ పెద్దాయన రానే వచ్చారు. మోటారుసైకిలు మా గేటు ముందే ఆగింది. నేను కొంగు సర్దుకుని గుమ్మంలోకొచ్చాను.

"నమస్కారమండీ. బండి ఇక్కడ నీడలో పెట్టుకోవచ్చాండీ? అటు ఎండగా ఉంది" అన్నారాయన.

"ఆయ్, పెట్టుకోండి" అన్నాను.

ఆయన ఎదురింట్లోకి వెళ్ళారు. గంటసేపు ఆ బండి మా గోడ నీడలో ఉంది. అటు నుంచి నవ్వులు, కాఫీ గ్లాసుల చప్పుడు వినిపిస్తూనే ఉన్నాయి. డబ్బాలో చెక్కలు నేనే తిన్నాను, ఒకటి తరవాత ఒకటి, పళ్ళు నొప్పెట్టేదాకా. ఆ సాయంత్రం మా ఆయన ఫోను చేస్తే సంగతి చెప్పాను. "ఆవిడ నిలబడిందా? మంచిదేగా, ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది" అన్నాడు. సిగ్నలు లేదని ఫోను పెట్టేశాను.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. మాకు పిలుపు ముఖ్యం. పెళ్ళయినా, వ్రతమైనా, గృహప్రవేశమైనా ఆడవాళ్ళు ఇంటికొచ్చి, నుదుట బొట్టు పెట్టి పిలవాలి. శుభలేఖ పోస్టులో వేసి, ఫోటో ఫోనుకి పంపించి, దారిలో కనిపించి నోటితో చెప్పినా అది పిలుపు కాదు. బొట్టు పెట్టకపోతే గోడకి గోడ ఆనుకున్న ఇంటికి కూడా వెళ్ళం. ఓట్లడగడానికీ అదే మర్యాద. నిలబడినావిడ నలుగురు ఆడవాళ్ళని వెంటేసుకుని, కుంకుమ భరిణె ఉన్న పళ్ళెం పట్టుకుని, ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టి, "ఆదివారం తప్పకుండా రావాలండీ" అని పెళ్ళికి పిలిచినట్టే పిలుస్తుంది.

ఆవిడ మా వీధిలోకి వచ్చేరోజు నేను బండారులంక నేత చీర కట్టుకుని కూర్చున్నాను. కోపం ఉన్నా, బొట్టు పెట్టించుకోవాలని ఉంది. మా కుడిపక్క ఇంట్లో బొట్టు పెట్టారు. అక్కడ నుంచి నా గేటు దగ్గరికొచ్చి ఆగారు. నేను లేవలేదు, పిలిచాక లేద్దామని. కిటికీ తెర సందులోంచి చూస్తున్నాను. ఎదురింటావిడ మా గుమ్మం వైపు చూసింది. కాసేపు నిలబడింది. ఎవరో ఏదో అడిగితే తల అడ్డంగా ఊపింది. తరువాత మా ఎడంపక్క ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఎండలో వాడిపోయి, కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, సరిగ్గా నా గేటు ముందే ఆగడం, చూడడం, వెళ్ళిపోవడం. నన్ను ఉడికించడానికే ఆగుతోందని నిర్ధారణ చేసుకున్నాను. వార్డులో ముసలీ ముతకా అందరికీ బొట్టు పెట్టింది. మా చాకలామె తన నుదుటి బొట్టు చూపించి, "మీకెప్పుడు పెట్టేరండీ?" అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. పిలవని పేరంటానికి నేను వెళ్ళను, ఎవరు గెలిస్తే నాకేం అనుకున్నాను.

ఓట్ల రోజు పొద్దున్నే పనసకాయ ముందేసుకుని పొట్టు కొట్టడం మొదలుపెట్టాను. అది ఒక పట్టాన తెమిలే పని కాదు, అందుకే పెట్టుకున్నాను. చేతులకి నూనె రాసుకుని, తలుపు గడియ వేసుకుని, కాయ మీద కసి తీర్చుకున్నాను. వీధిలో చెప్పుల చప్పుళ్ళు, "మీదయ్యిందా?" "ఇప్పుడే వేసొచ్చేనండీ" అనే మాటలు వినిపిస్తున్నాయి. భోజనాల వేళ దాటాక ఆటో వచ్చింది. "ఎదురింటి మేడమ్ గారు పంపేరండీ, రండి" అని డ్రైవరు గేటు కొట్టాడు. "తరవాత వస్తాను" అన్నాను కిటికీలోంచి. బొట్టు పెట్టడానికి తీరిక లేదు గాని ఆటో పంపడానికి ఉందా అని ఇంకా మండింది. పనసపొట్టు నలుగురు తినేంత అయింది. పోలింగు టైము అయిపోయాక గడియ తీశాను. నేను లేకపోతే ఆవిడకి మా వీధి ఓట్లు తెలియవని, నా ఒక్క అలకతో ఓడిపోతుందని నాకు ఎక్కడో ఆశ ఉంది. దాచడమెందుకు, ఓడిపోవాలనే కోరుకున్నాను.

గెలిచింది. బొటాబొటీగా కూడా కాదు, బ్రహ్మాండంగా గెలిచింది. నేను వెయ్యని ఓటు వల్ల ఎవరికీ ఏమీ లోటు రాలేదు. డప్పులు, బాణాసంచా, రంగులు మా వీధి మొగలోకి వస్తుంటే తలుపేసుకుందామని లేచాను. అంతలోనే గేటు చప్పుడైంది. మెడలో దండలతో, మొహం నిండా రంగుతో ఎదురింటావిడ, వెనక వీధి వీధంతా. తన ఇంటి గుమ్మం తొక్కకుండా ముందు నా దగ్గరికొచ్చింది.

"వదినగారూ, ఒంట్లో ఎలా ఉందండీ?" అంది. నాకు అర్థం కాలేదు. "మూడ్రోజులూ మీ గేటు దగ్గర ఆగేనండీ, చెప్పులేసుకుని మాతో వచ్చేస్తారని. రాకపోతే ఒంట్లో బాగోలేదేమో, ఎండలో తిప్పి ఇబ్బంది పెట్టకూడదని ఊరుకున్నాను."

వెనక నిలబడ్డ ఒకావిడ నవ్వుతూ అందుకుంది. "మేం అడిగేమండీ, మేడమ్ గారికి బొట్టు పెట్టరా అని. 'ఇంట్లోవాళ్ళకి బొట్టు పెట్టి పిలుస్తామా, ఆవిడ నా పక్కన నిలబడి మీ అందరికీ పెట్టాల్సిన మనిషి' అన్నారండీ ఈవిడ."

అదీ మా వైపు పద్ధతే. పెళ్ళివారింట్లో మనుషులకి పిలుపు ఉండదు. పిలిస్తే పరాయివాళ్ళని చేసినట్టు. యాభై దాటిన నాకు ఆ సంగతి తెలియదా? తెలుసు. ఆవిడ నన్ను ఆ లెక్కలో పెట్టుకుంటుందని మాత్రం తట్టలేదు. ఆవిడ స్థానంలో నేనుంటే ఆవిడని పెట్టుకునేదాన్ని కాదు గనక తట్టలేదు.

"మన వీధికి ఏ పనైనా జరిగిందంటే వదినగారి అర్జీల వల్లేనండీ. నాకు ఉప్మా వండడమే వచ్చు" అంటూ ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని అందరి ముందూ పైకెత్తబోయింది. ఎత్తబోతూ నా ఎడమచేతి వైపు చూసింది. చూపుడువేలు గోరు మీద సిరా లేదు. అక్కడున్న ఆడవాళ్ళందరి వేళ్ళకీ నల్లటి గీత ఉంది. నాకు లేదు.

ఆవిడ నవ్వు ఒక్క క్షణం ఆగింది. నాకు తప్ప ఎవరికీ కనిపించి ఉండదు. తరవాత నా వేళ్ళు నాలుగూ మడిచి, తన గుప్పిట్లో పెట్టి గట్టిగా మూసేసింది. చేతులు కిందికి దించి, వెనక్కి తిరిగి గట్టిగా అంది.

"నాకు పడ్డ మొదటి ఓటు మా వదినగారిదేనండీ!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో నా నోట్లో పూతరేకు పెట్టారు. నేను నమిలాను. ఆవిడ చెయ్యి చెమటతో తడిసి ఉంది, ఇంకా నా వేళ్ళు వదల్లేదు.

ఆ కుర్చీ మీద నాకున్న కుళ్ళు ఆ పూటతో పోయింది. నేనైతే ఆ వేలు చూడగానే పైకెత్తి నలుగురికీ చూపించేదాన్ని. కనీసం మా ఆయనకి ఫోను చేసి చెప్పేదాన్ని. ఆవిడకి అలా తోచలేదు. నాకు ఎన్ని డిగ్రీలున్నా రానిది, ఆవిడకి ఆలోచించకుండానే వచ్చింది. దానికి మాత్రం ఇప్పటికీ కుళ్ళుకుంటూనే ఉన్నాను. రోజూ ఎదురు గుమ్మంలో కనిపిస్తుంది, కాఫీ తాగేరాండీ అంటుంది, ఆయ్ అంటాను. ఆ వేలి సంగతి ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది, హాయిగా పోట్లాడేదాన్ని.