నెమలికి కన్ను

వడ్రంగి పని చేసే వడ్ల సిద్దిరాములు చేతిలో పడితే మొద్దు కూడా మాట వింటుందని హుస్నాబాద్ చుట్టుపక్కల అనేవారు. ఆ పేరే ఆయన కొంప ముంచింది. దొర గడీకి పిలిపించి రాతబల్ల చేయమన్నాడు. వెట్టి కదా, కూలి ఊసే లేదు.

పద్నాలుగు నెలలు చేశాడు. అంతా జిట్రేగు కర్ర, ఒక్క ఇనుప మేకు లేదు. ఏటవాలు మూత మీద వెంట్రుకంత గాడి తీసి ఇత్తడి తీగ కొట్టాడు. ఎద్దు ఎముక అరగదీసి ఎదురెదురుగా రెండు నెమళ్లను పొదిగాడు. ఎడమవైపు నెమలికి మాత్రం కన్ను పెట్టలేదు. మేలైన పనికి ఎక్కడో ఓ లోపం వదలకపోతే దిష్టి తగులుతుందని వాళ్ల ఇంటి ఆచారం. ఆ కన్నుకని అరగదీసిన జొన్నగింజంత ఎముక ముక్కను మొలతాడుకు ముడేసుకున్నాడు. అమాయకుడు, ఒక్కటి మరిచాడు. దొరకు ఎడమ కన్ను లేదు, వేటలో తుపాకి పేలి పోయింది.

"నన్నే ఎక్కిరిస్తవారా?" అన్నాడు దొర. చెప్పేది వినలేదు. కుడి బొటనవేలును ఆ బల్ల అంచునే పెట్టించి, సిద్దిరాములు సుత్తితోనే చితగ్గొట్టించాడు. మూడు దెబ్బలు. నెత్తురు ఇత్తడి తీగల వెంట పారింది.

ఎనిమిదేళ్లు భార్య దేవవ్వ కూలి మీద బతికాడు. పగ కడుపు నిండా ఉండేది. ఆ బల్ల మీద ప్రేమా చావలేదు.

1948లో నిజాం రాజ్యం కూలింది. దొర పట్నం పారిపోయాడు, ఊరు గొడ్డళ్లతో గడీ మీద పడింది. తలుపులు చీల్చారు, అడ్డొచ్చిన కావలివాణ్ణి మెట్ల మీదే చావగొట్టారు. రాతబల్లను వాకిట్లోకి ఈడ్చారు. దొర కొరడా దెబ్బలకు తండ్రిని పోగొట్టుకున్న రాజం గొడ్డలి ఎత్తాడు. సిద్దిరాములు బల్ల మీద అడ్డంగా పడ్డాడు. గొడ్డలి ఆయన కుడి భుజాన్ని చీల్చింది.

"లే కాకా. నీ ఏలు తిన్న బల్లకు అడ్డమొస్తవా?"

"ఆగు బిడ్డా. అది ఇంకా పూర్తి కాలే. పూర్తికాని పని మీద దెబ్బ పడొద్దు."

మొలతాడు ముడి విప్పాడు. ఎముక ముక్కను గుంటలో పెట్టి, రాజం గొడ్డలి అందుకొని, ఎడమ చేత్తో దాని వెనకవైపుతో మెల్లగా తట్టాడు. కన్ను కూర్చుంది. భుజం నుంచి నెత్తురు కారుతుంటే కాసేపు చూసుకున్నాడు. ఇంత అందమైనది ఇక తన చేత కాదని తెలిసి ఏడ్చాడు.

"ఇగ తాకనీ దిష్టి," అని గొడ్డలి తిప్పి పట్టి, మొదటి దెబ్బ నెమలి ముఖాన తనే వేశాడు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఎడమ చేత్తో నాగళ్లు చెక్కాడు. ఒక్కదానికీ లోపం వదల్లేదు.

"గీ నాగళ్లకు ఎవ్వలు దిష్టి పెడుతరు," అనేవాడు.