చింతపండుతో తోమిన చక్రవర్తి

మా ఆయనకు పాత నాణేలంటే ప్రాణం. ఐదు గంటల కారు దూరంలోని హెర్న్‌డన్‌లో నాణేల ప్రదర్శన ఉందని, తన పెద్ద రాగి నాణేన్ని మొదటిసారి నలుగురి ముందు పెడతానని నెల నుంచీ మురిసిపోతున్నారు. ముందురోజు సాయంత్రం దారిలో తినడానికి పులిహోర కలిపాను. చింతపండు పిప్పి మిగిలింది. బల్ల మీద ఆ నాణెం నల్లగా కనిపించింది. పూజ చెంబు తోమినట్టే ఉప్పు వేసి తోమితే తళతళలాడింది. అక్కడ చూసి సంబరపడతారని చెప్పకుండా డబ్బాలో పెట్టేశాను.

జెర్సీ సిటీలో తెల్లవారుజామున ఐదింటికి కారెక్కి పదింటికల్లా చేరాం. టోల్స్‌కే ముప్పై డాలర్లు దాటాయి, లోపలికి టికెట్ మనిషికి ఐదు. ప్రదర్శనకు వచ్చిన నాణేలను ఒక తెల్లజుట్టు ఆవిడ భూతద్దంతో చూసి తీసుకుంటోంది. మా ఆయన డబ్బా తెరిచి నా వైపు తిరిగారు.

"సుజాతా, దీన్నేం చేశావ్?"

"తోమానండీ."

ఆవిడ నాణేన్ని అటూ ఇటూ తిప్పి, తల అడ్డంగా ఊపింది. రెండు వందల ఏళ్ళుగా పట్టిన రంగు పోయిందట, తోమినవి ప్రదర్శనలో పెట్టరట. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆయన డబ్బా మూసి బయటికి నడిచారు.

పార్కింగ్‌లో కారు డిక్కీ మీద పులిహోర వడ్డించాను. రెండోసారి పెట్టించుకున్నాక ఆయన చెప్పడం మొదలుపెట్టారు.

"దీని కథ నీకెప్పుడూ చెప్పలేదు కదా. ఆస్ట్రియా సామ్రాజ్యానిది, మీదున్న బొమ్మ వాళ్ళ చక్రవర్తిది. ఫ్రాన్స్‌తో యుద్ధాలు చేసి చేసి ఖజానా ఖాళీ అయింది. వెండి లేక, రాగి బిళ్ళ మీదే ముప్పై క్రాయిట్సర్లని, అంటే వాళ్ళ పైసలని, కొట్టి, అంత విలువ ఉందని నమ్మమన్నారు."

"జనం నమ్మారా అండీ?"

"తప్పక తీసుకున్నారు. కొన్నేళ్ళకు ప్రభుత్వమే దాని విలువ ఐదో వంతుకు దించేసింది."

"నేను ఒక్క పూటలో దించేశాను," అన్నాను, కళ్ళు తుడుచుకుంటూ.

"వాళ్ళకు యుద్ధం వచ్చింది. నీకేమొచ్చిందే?"

"పిప్పి మిగిలిందండీ."

ఆయనకు నవ్వుతో పొలమారింది. నెత్తి మీద తడుతూ నేనూ నవ్వేశాను.

ఆ నాణెం ఇప్పుడు మా పూజ గూట్లో, రాగి చెంబు పక్కన ఉంది. ఉత్త రాగిని వెండి అనుకోమంటే ఆ జనం ఎందుకు అనుకుంటారు? కానీ విలువ రెండుసార్లు పోయినా ఆయన మాత్రం దాన్ని ఇంకా అపురూపంగానే చూసుకుంటారు. "ఎలాగూ తోమావుగా, శుక్రవారాలు దీన్నీ వదలకు," అన్నారు.

మీరూ వెళ్తే పదిలోపే చేరండి, తర్వాత పార్కింగ్ దొరకదు. పులిహోర పట్టుకెళ్ళండి. పిప్పి మాత్రం వెంటనే పారేయండి.