చేపల వేపుడు కాదు, ఆక్టోపస్ అట

అమెరికాలోని నోవై అనే ఊళ్ళో నేను పనిచేసే వైన్ షాపులో శాంటోరిని అనే గ్రీకు దీవి నుంచి వచ్చే వైట్ వైన్ ఒకటుంది. నిమ్మకాయ పిండినట్టు పులుపు, చివర్లో కాస్త ఉప్పదనం. నాకెవరూ నేర్పలేదు. వీడియోలు చూసి, కస్టమర్లకి రుచి చూపించే టేస్టింగ్‌లో మిగిలింది చప్పరించి తెలుసుకున్నాను. కరివేపాకు వేసిన మన చేపల వేపుడుకి అది భలే కుదురుతుంది. ఈ రోజు పొద్దున ఆ మాటే ఇంగ్లీషులో చీటీ రాసి సీసా కింద అర అంచుకి అంటించాను. ఆ అరలో మన వంట పేరు చూసుకుని తెగ మురిసిపోయాను.

ఓనర్ మనవాడే. చూడగానే పీకేశాడు.

"తమ్ముడూ, ఇదేమన్నా కర్రీ పాయింటా? గ్రిల్డ్ ఆక్టోపస్ అని రాయి. క్లాస్‌గా ఉంటది."

"అన్నా, నువ్వెప్పుడైనా ఆక్టోపస్ తిన్నావా?"

"నేనెందుకు తింట? కొనేటోడు తింటడు."

ఉద్యోగం కావాలి కాబట్టి రాశాను.

మధ్యాహ్నం ఒక తెలుగు జంట వచ్చింది. ఇంట్లో చేపల వేపుడు చేశారట, దానికేదైనా వైన్ చెప్పమన్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. పరుగున వెళ్ళి ఆ సీసా చూపించాను.

ఆవిడ చీటీ చదివి, "ఇది ఆక్టోపస్‌కంటండీ, మనకెందుకు?" అంది.

"లేదక్కా, చేపలకి అదిరిపోతుంది."

ఆయన నవ్వాడు. "మరి అలా రాసి లేదే తమ్ముడూ?"

పక్కనే ఓనర్. సీసా తిరిగి అరలో పెట్టేశాను. వాళ్ళు బీర్లు కొనుక్కుని వెళ్ళిపోయారు.

మన నోటికి ఏది రుచో చీటీ మీద రాసుంటేనే మనవాళ్ళైనా నమ్ముతారు, ఆ చీటీ మీదేమో వేరేవాళ్ళ తిండి పేరే ఉండాలన్నమాట. చేపల వేపుడుతో ఈ వైన్ తాగినవాళ్ళు ఒక్కరైనా ఉంటే కింద రాయండి. నా నాలుక మీద నాకే నమ్మకం పోయేలా ఉంది.