కత్తియుద్ధానికి పగిలిన పలకలు

మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న కాలంలో, ఊరి బయట కొండలరావు పలకల షెడ్డులో అంకన్న అనే పనివాడు ఉండేవాడు. రాతి దిమ్మె అంచున ఉలి ఆనించి, సుత్తితో మెల్లగా తట్టి, పుస్తకంలో పేజీ విప్పినట్టు పలుచని రేకులు తీసేవాడు. ఎందరో పిల్లల ఓనమాలకు తాను కారకుడినన్న గర్వం అతనికి ఉండవలసింది. లేదు. గర్వమంతా సినిమాలు చూడడంలోనే.

టూరింగ్ టాకీసు గుడారంలోకి కత్తియుద్ధాల బొమ్మ ఏది వచ్చినా, మొదటి ఆటకు అంకన్న తెర ముందు నేలమీద కూర్చోవలసిందే. మర్నాడు ఉలి ఆడిస్తూ షెడ్డులో కథంతా చెప్పేవాడు. బండలు మోసి వచ్చినవాళ్లకు మళ్లీ గుడారందాకా నడిచే ఓపిక ఉండేది కాదు కనుక, అంకన్నే వాళ్ల టాకీసు. కథ ఎప్పుడూ ఒకటే. రాజ్యం పోయిన రాకుమారుడు, మీసాల సేనాపతి, గాలికి ఊగే అట్టకోట. ఎవరు గెలుస్తారో అందరికీ ముందే తెలుసు. తమ బతుకులో ముందే తెలిసే మంచి సంగతి ఇదొక్కటే కనుక, దాన్ని ఎన్నిసార్లు విన్నా వాళ్లకు విసుగు రాలేదు.

చిక్కంతా ఆఖరి యుద్ధంతోనే. అంకన్న నోట కత్తి లేస్తే షెడ్డులోని పన్నెండు సుత్తులూ లేచేవి. కత్తి దిగితే అవీ దిగేవి. ఒక సోమవారం ఒక్క సేనాపతి చావుకు పదిహేడు రేకులు ముక్కలయ్యాయి.

అంతవరకు రేకులు పగిలినప్పుడల్లా రాతిని, ఎండను తిట్టుకుంటూ వచ్చిన కొండలరావు ఆ రోజు విచారణకు దిగాడు. పలకలు నునుపు చేసే దయామణి అబద్ధమాడరాదని చర్చిలో నేర్చుకున్నది కనుక, అడగ్గానే ఉన్నది చెప్పేసింది. అంకన్నను పనిలోంచి తీసేస్తానన్నాడు యజమాని. ఉలి తప్ప మరో విద్య తెలియని అంకన్న తలవంచుకు నిలబడ్డాడు.

"పొయ్యే ముందు చెప్పిపో. పదిహేడు రేకులు పగిలేంత మాట ఏమన్నావురా?"

సాక్ష్యం అడిగితే చెప్పక తప్పదు. రాకుమారుడు ఒంటరిగా కోటగోడ దూకాడనీ, ఎదురుగా నలభై మంది భటులు ఉన్నారనీ అంకన్న మొదలుపెట్టాడు. వెనక పని సాగుతూనే ఉంది.

"ఆగు. ఒక్కడు నలభై మందిని ఎట్ల కొడతాడు?"

"నలభై మందీ మర్యాదస్తులే అయ్యా. ఒకడు పడిందాక ఇంకొకడు రాడు. మన పొదిలి బస్సు కాడ తొక్కులాట అక్కడుండదు."

కొండలరావు ఈ వాదాన్ని కాసేపు తూచి, కానిమ్మన్నాడు. భటులు వరసగా పడ్డారు. సేనాపతి దిగాడు. మెట్ల మీద రాకుమారుడి కత్తి విరిగి, పిడి ఒక్కటే చేతిలో మిగిలింది.

కొండలరావు చుట్టూ చూశాడు. పన్నెండు సుత్తులు గాలిలో ఉన్నాయి.

"అందరూ సుత్తులు కింద పెట్టండి," అన్నాడు. పెట్టారు. ఆయన ఒక దిమ్మె మీద కూర్చున్నాడు. "ఇప్పుడు చెప్పు. ఉత్త పిడితో ఏం చేసినాడు?"

పనిలోంచి తీసేసే మాట మళ్లీ రాలేదు. యుద్ధం అన్నంవేళకే జరగాలన్న శాసనం మాత్రం వచ్చింది. ఆ వేళ అయ్యేదాకా అంకన్న రాకుమారుడి చేత తోటలో పూలు కోయిస్తూ ఉండేవాడు. కొత్త బొమ్మ పడ్డప్పుడల్లా మర్నాడు కొండలరావు సరిగ్గా అన్నంవేళకు వచ్చి, దిమ్మె మీది రాతిపొడి దులుపుకుని కూర్చునేవాడు.

"సేనాపతి మీసాలు ఎట్లున్నాయిరా ఈసారి?"