పెళ్లిగంప ఎత్తవలసిన అంకుల్

పరవాడ నుంచి వస్తున్న బస్సు గాజువాక ఇవతల ట్రాఫిక్‌లో ఆగిపోయేసరికి నా ఒళ్లో ఒక పెళ్లిగంప ఉంది. నాది కాదు, పక్కసీటాయనది. సగం ఆయన మోకాళ్ల మీద, సగం నా మోకాళ్ల మీద, ఒళ్లంతా పసుపు పూసుకుని దర్జాగా కూర్చుంది.

"అంకుల్, కొంచెం గంప జరుపుతారా?" అంది నిలబడ్డ కాలేజీ పిల్ల.

"జరుపుతానమ్మా గానీ ఆ మాటనకు. ఆ మాటే నా కొంప ముంచింది" అన్నాడాయన.

పేరు వీర్రాజు. మందుల కంపెనీలో బాయిలరు దగ్గర పని. అక్క చిట్టమ్మ కూతురు ధనశ్రీ పెళ్లి ఇవాళే గాజువాకలో, పదిన్నరకి ముహూర్తం. వాళ్లిళ్లలో పెళ్లికూతురు మండపానికి నడిచి రాకూడదు. మేనమామ తెచ్చిన గంపలో, మేనమామ చేతుల మీద రావాలి. ఉన్న మేనమామ ఇతనొక్కడే. అప్పటికి పది దాటింది.

"నిన్ననే వెళ్లకపోయారా?" అన్నాను.

"సెలవిత్తే కదా మాస్టారూ! పెళ్లికూతురికి ఏటవుతారని ఫారంలో గడి. మా ఆఫీసులో హిమబిందు మేడం అంకుల్ అని కొట్టింది. అంకుల్‌కి సెలవు లేదంది కంప్యూటరు. 'ఇంకో అంకుల్ లేరా?' అనడిగింది. బాబాయున్నాడమ్మా, ఆడెత్తకూడదు అన్నాను. 'ఇద్దరూ అంకుల్సే కదా' అంది. రాత్రి డ్యూటీ సేసి బాయిలరు బట్టల్తోటే వత్తన్నాను."

ఇంగ్లీషువాడి సంగతి నాకు కొంత తెలుసు. ఓడలో ఒక్కో తాడుకీ ఒక్కో పేరు పెట్టుకున్నవాడు, చుట్టాల దగ్గరికొచ్చేసరికి ఎందుకో పొదుపు చేశాడు. పెదనాన్నకీ, బాబాయికీ, మేనమామకీ, మేనత్త మొగుడికీ ఒకటే కొలత చొక్కా. మనం దాన్ని పాలవాడికీ, పక్కింటాయనకీ కూడా తొడిగాం. నాకూ తొడిగారు, బిగుతుగానే ఉంది.

"పిల్ల బరువెంత?"

"డెబ్భై. నెల్లాళ్లుగా బియ్యం బస్తా పెట్టి ఎత్తి సూత్తన్నాను. బస్తా అయితే కుదురుగా ఉంటాది. ఇది గంపలో కూకుని సెల్ఫీలు తీత్తాది. అవతల పక్క ఎవడైనా పట్టొచ్చు మాస్టారూ, ఇవతల పక్క మాత్రం నానే."

ఫోను మోగింది. చిట్టమ్మ గొంతు బస్సంతా విన్నది.

"ఎక్కడ సచ్చావురా! పంతులు తొందరపెడతన్నాడు. మా మరిది ప్లాస్టిక్ కుర్సీలో ఎత్తుకొచ్చేత్తానంటన్నాడు!"

"కుర్సీలోనా! ఆడు సెయ్యేత్తే నాను పెళ్లికే రాను!" అని అరిచి, వెంటనే "వత్తన్నానే, వత్తన్నాను" అన్నాడు.

ఇంతలో ఫోను చేతులు మారింది. "మామా! అమ్మనీ లోపలే ఉంచి గది గడియ పెట్టీసాను. కుర్సీ లేదు, గిర్సీ లేదు. నువ్వొచ్చేదాకా కదల్ను. గానీ బేగి రా, ఆకలేత్తంది."

వీర్రాజు ముఖంలో బాయిలరు మసి వెనక నుంచి ఒక నవ్వు బయటికొచ్చింది. "మండపం ఇంకెంత దూరం?" అని నేనడిగేలోపే గంప నా మోకాళ్ల మీంచి లేచిపోయింది. తలుపు దగ్గర ఇద్దరిని తోసుకుని దిగి, దాన్ని నెత్తిన బోర్లించుకున్నాడు.

"అంకుల్! ఇక్కడ స్టాపు లేదు!" అని కేకేశాడు కండక్టరు.

గంప తిరిగి చూడలేదు. నా పంచె మీద పసుపు మరక వదిలేసి, ఆగిన ఆటోల మధ్య నుంచి గాజువాక వైపు పరుగులాంటి నడకతో పోయింది.