లాగ్‌బుక్‌కి పసుపు

ఆమదాలవలసలో మాది బియ్యం కొట్టు. ఇంట్లోకి ఏ కొత్త పుస్తకం వచ్చినా నాన్న పసుపు రాసి, బొట్టు పెట్టాకే వాడనిస్తారు.

నా పైలట్ లైసెన్సును విదేశంలో చెల్లేలా మార్పించుకుని, అక్కడే ఉద్యోగం చేద్దామని బయల్దేరాను. ప్రయాణం రోజు, నేను విమానం నడిపిన గంటలన్నీ రాసిన లాగ్‌బుక్ నాన్నకి చూపించి, "ఇన్‌స్ట్రక్టర్ సంతకం, ముద్ర ఉన్న ఈ పేజీయే నా ప్రాణం నాన్నా" అన్నాను. అలా అనడానికి నాకు నోరెలా వచ్చిందో! నేను బట్టలు సర్దుకుంటుంటే ఆయన పుస్తకాన్ని దేవుడి దగ్గర పెట్టి, తెచ్చి నా బ్యాగులో పెట్టారు.

అక్కడి లైసెన్సుల ఆఫీసులో ఒకావిడ పుస్తకం తెరిస్తే సరిగ్గా ఆ పేజీయే అతుక్కుపోయి ఉంది. మెల్లగా విడదీసింది. నాలుగు మూలలా పసుపు, నడిమధ్య తడి కుంకుమతో శ్రీకారం. దాని కింద సంతకం, ముద్ర అలుక్కుపోయాయి.

"ఇది చెల్లదు. మీ ఫ్లయింగ్ స్కూల్లో మళ్లీ రాయించి తీసుకురండి" అంది.

ఆ స్కూలు ఎప్పుడో మూతబడింది.

ఇంటికొచ్చి, అక్కడి పరీక్ష తప్పానని అబద్ధం చెప్పాను. ఇప్పుడు కొట్లోనే కూర్చుంటున్నాను. నాన్న నా మొహం చూసినప్పుడల్లా అదే మాట.

"నాదే తప్పమ్మా. రైలుకి టైమైపోతాదని ఆ రోజు పూజ గాబరాగా సేసీసినాను. ఈపాలి పుస్తకం ముందురోజే ఇయ్యి. పేజీ పేజీకీ పసుపు రాస్తాను."